మావయ్యగారి వంతు

నిజాంపేట చౌరస్తాలో మందుల షాపు మెట్ల మీద, చేతిలో కొత్తిమీర కట్టతో కూర్చున్న మావయ్యగారిని ఉమాశ్రీ చూసిన చోట పోయిన వారం ఆగాం. ఆయనకు ఇంటికి దారి గుర్తు రావడం లేదు. చూసి ఫోన్ చేసింది వాళ్ళ అపార్టుమెంటు దగ్గర ఆటో నడిపే బాలనర్సయ్య.

ఈ పెద్దాయన దారి తప్పితే కష్టం ఒక్క ఇంటికే కాదు. ఎందుకో, కథలోకి ఈ వారమే అడుగుపెట్టినవాళ్ళకు చెప్పాలి. మాదాపూర్‌లో ఉమాశ్రీ పనిచేసే కంపెనీ 'గగనకోశం' పేరుతో నాలుగు చిన్న ఉపగ్రహాలను నడుపుతోంది. పుట్టిన తేదీల నుంచి పొలం హద్దుల దాకా, ఆసుపత్రి రికార్డుల నుంచి పింఛన్ల దాకా రాష్ట్ర ప్రజల వివరాలన్నిటికీ ఒక నకలు వాటిలో భద్రంగా ఉంటుంది. అంతకుముందు ఆ వివరాలన్నీ ఒక విదేశీ కంపెనీ సర్వర్లలో ఉండేవి. ఆ దేశంలో ఏదో తగాదా వచ్చి, అక్కడి కోర్టు ఒక్క ఉత్తర్వు ఇచ్చేసరికి అవి వారం రోజులు మూతపడ్డాయి. ఆ వారం ఇక్కడి ఆసుపత్రుల్లో ఎవరికి ఏ మందు పడదో చెప్పే దిక్కు లేకపోయింది. మన ప్రజల వివరాలు మన ఉపగ్రహంలో, మన చట్టం కిందే ఉండాలన్న పట్టుదల అప్పుడు పుట్టింది.

ఆ ఉపగ్రహాల తాళంచెవిని ఏ ఒక్కరి చేతికీ ఇవ్వలేదు. ఐదుగురు పెద్దమనుషులకు పంచారు. ఒక్కొక్కరికీ పన్నెండు తెలుగు మాటలు. దాన్నే 'వంతు' అంటారు. ఎక్కడా రాసుకోకూడదు, ఎవరికీ చెప్పకూడదు. మనసులో ఉంచుకోవాలి, అంతే. నలుగురి వంతులు కలిస్తే తాళం తెరుచుకుంటుంది. ఐదుగురిలో ఒకరైన రిటైర్డ్ జడ్జి వెంకటరామయ్యగారు పోయిన నెల కన్నుమూశారు. సోమవారం నాడు మిగిలిన నలుగురూ వచ్చి తమ వంతులు ఇస్తే, పాత తాళం తీసి కొత్తది వేసి, మళ్ళీ ఐదుగురికి పంచాలి. ఆ నలుగురిలో ఏ ఒక్కరు మర్చిపోయినా, ఆకాశంలో ఉన్నదంతా మరెప్పటికీ తెరవలేని పెట్టె అయిపోతుంది.

ఆ నలుగురిలో ఒకరు యజ్ఞనారాయణగారు. ఉమాశ్రీకి మామగారు.

"ఇగో మేడమ్, సార్ మంచిగనే ఉన్నడు. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు బాలనర్సయ్య ఎదురొచ్చి, గొంతు తగ్గించి. "పొయ్యేటప్పుడు చూసిన, వచ్చేటప్పుడు చూసిన, గీ మెట్ల మీదనే కూసున్నడు. ఇంటికి వస్తరా సార్ అంటే, ఏ ఇంటికయ్యా అన్నడు. నాకు పరేషాన్ అయింది."

యజ్ఞనారాయణ కోడల్ని చూడగానే నవ్వు తెచ్చుకున్నారు.

"నువ్వెందుకొచ్చావమ్మా ఇంత ఎండలో? కాళ్ళు నొప్పెట్టి కాసేపు కూర్చున్నాను. అంతే."

ఆ నవ్వు వెనకాల ఉన్న బెదురు ఉమాశ్రీకి కనిపించింది. ఇంటర్వ్యూ గదిలో తప్పు జవాబు చెప్పిన కుర్రాడి ముఖంలో ఉండే బెదురు.

"నాక్కూడా కాళ్ళు నొప్పిగానే ఉన్నాయి మావయ్యగారూ. ఆటోలో వెళ్ళిపోదాం రండి," అంది.

దారి పొడవునా ఆయన కొత్తిమీర నలగకుండా రెండు చేతులతో పట్టుకుని, బయటికి చూస్తూ కూర్చున్నారు. హాస్టళ్ళ బోర్డులు, టిఫిన్ బండ్లు, సగం కట్టిన బిల్డింగులు. ప్రగతి నగర్ మలుపు తిరిగాక, "ఆఁ, ఇదే, ఇదే మన దారి," అన్నారు తనలో తాను.

ఇంట్లో అత్తగారు రాజరాజేశ్వరి ఆ కట్ట అందుకుని, ఏమీ అడక్కుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏమీ అడగకపోవడంతోనే ఉమాశ్రీకి అర్థమైంది. వెనకాలే వెళ్ళింది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

రాజరాజేశ్వరి కుళాయి తిప్పి కొత్తిమీర కడగసాగింది. కడిగిందే మళ్ళీ కడుగుతోంది.

"శ్రావణమాసం నుంచీ," అంది చివరికి. "మొదట్లో కళ్ళజోడు, తాళాలు. అవి ఎవరైనా మర్చిపోతారు, సరే అనుకున్నాను. తర్వాత స్నానం చేసొచ్చి మళ్ళీ స్నానానికి వెళ్ళడం. నలభై ఏళ్ళుగా నన్ను 'రాజ్యం' అని పిలిచిన మనిషి, మొన్నొక రోజు 'ఏమండీ, కాస్త మంచినీళ్ళిస్తారా' అన్నారు. నా పేరు కోసం వెతుక్కున్నారమ్మా. దొరకలేదు. అప్పటికీ మర్యాద మాత్రం మర్చిపోలేదు చూడు."

నవ్వబోయింది కానీ, కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

"మీ అబ్బాయికైనా చెప్పలేదా, శ్యామ్‌కి?"

"వాడు పుణెలో ఉన్నాడాయె. ఫోన్లో ఏమని చెప్పను?"

"నాకైనా చెప్పొచ్చు కదా అత్తయ్యా!"

"నీకు చెబితే నువ్వు ఆఫీసులో చెప్పి తీరాలి కదమ్మా. మామగారి మీద కోడలు చెప్పాల్సి రావడం... ఆ కష్టం నీకెందుకు పెట్టాలని ఊరుకున్నాను."

ఉమాశ్రీ దగ్గరికెళ్ళి కుళాయి కట్టేసింది. అత్తగారి తడి చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. రాజరాజేశ్వరి చెప్పింది అక్షరాలా నిజం. తాళం బాధ్యత చూసే విభాగంలో ఉమాశ్రీది పెద్ద ఉద్యోగమే. ఆమె ఆ విభాగంలోకి రాకముందే ప్రభుత్వం మావయ్యగారిని ఎంచుకుంది. బంధుత్వం సంగతి ఆమె మొదటి రోజే చెప్పేసింది కనుక, ఆయన వంతు ఇచ్చేటప్పుడు ఆమె ఆ గది బయటే ఉండాలన్న షరతు మీద ఉద్యోగం నిలిచింది. వంతు ఉన్నవాళ్ళలో ఎవరికైనా ఆరోగ్యం తేడాగా ఉందని తెలిస్తే వెంటనే పై అధికారికి చెప్పాలన్న నియమం కాగితం మీద పెట్టించింది కూడా ఆమే.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే యజ్ఞనారాయణ బూట్లు వేసుకుంటుంటే ఉమాశ్రీ కూడా చున్నీ సర్దుకుని బయల్దేరింది.

"కాపలాకా?" అన్నారాయన.

"వాకింగ్‌కి."

ప్రగతి నగర్ చెరువు గట్టు మీద ఆదివారం జనం పలచగా ఉన్నారు. నీళ్ళ మీద మంచు ఇంకా విడలేదు. కొంగలు ఒడ్డున తామే ఈ చెరువుకు మొదటి వారసులమన్నట్టు నిలబడి ఉన్నాయి. కొంత దూరం నడిచాక ఆయనే అన్నారు.

"అడుగమ్మా. నిన్నటి నుంచీ నోటి దాకా వచ్చి ఆగిపోతున్నావు."

ఉమాశ్రీ ఆగింది. ఎన్నో రకాలుగా అడగాలనుకుంది. చివరికి ఒక్కటే మిగిలింది.

"మీ వంతు గుర్తుందా మావయ్యగారూ?"

ఆయన చెరువు వైపు చూశారు.

"పదకొండున్నాయి," అన్నారు. "ఒకటి జారిపోయింది."



"ఎప్పటి నుంచి?"

"దసరా దాటాక. మొదట్లో వస్తూ పోతూ ఉండేది. ఇప్పుడు రావడమే మానేసింది. సోమవారానికి వచ్చేస్తుందిలే అనుకుంటున్నాను."

"రాకపోతే?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు.

"రేపు మీరు తప్పు మాట కొడితే ఏమవుతుందో మీకు తెలుసు. నాకంటే మీకే బాగా తెలుసు. నేను మా పై అధికారి రంగనాథ్ సార్‌కి చెప్పాలి మావయ్యగారూ. నిన్ననే చెప్పాల్సింది."

యజ్ఞనారాయణ ముఖం ఎర్రబడింది. ఈ ఇంటికి వచ్చిన ఎనిమిదేళ్ళలో ఆయన కోపం ఆమె మీదికి రావడం ఇదే మొదటిసారి.

"నువ్విప్పుడు కోడలిగా మాట్లాడుతున్నావా, కంపెనీ మనిషిగా మాట్లాడుతున్నావా? ముందు అది చెప్పు."

"నాకు రెండు నోళ్ళు లేవు మావయ్యగారూ."

"అయితే విను. కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళే రోజుల నుంచీ నేనీ పని చేశాను. జిల్లాల నుంచి లారీల్లో వచ్చిన జనన మరణ రిజిస్టర్లను దగ్గర కూర్చుని ఎక్కించిన వాణ్ణి. రిటైరయ్యాక నన్నెవరైనా ఏమైనా అడిగారా? కరెంటు బిల్లు కట్టారా అంటారు. బీపీ మాత్ర వేసుకున్నారా అంటారు. ఒక్క ఈ పన్నెండు మాటల కోసమే నన్ను మనిషిగా పిలిచారు. పొద్దున్నే లేచి, అవన్నీ ఒకసారి లోపల అనుకుంటే, ఫరవాలేదు, ఇంకా నా అవసరం ఉందని అనిపిస్తుంది. అదీ లాగేసుకుంటే నేనేం చెయ్యాలి? కొత్తిమీర తేవడమేనా? నిన్న అదీ చేతకాలేదు కదా!"

పక్కనుంచి వెళ్తున్న ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది.

ఉమాశ్రీకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈ కంపెనీలో తన ఇంటర్వ్యూ రోజు గుర్తొచ్చింది. ఆవేళ కుండపోత వాన. క్యాబులు దొరక్కపోతే ఈయనే స్కూటర్ మీద మాదాపూర్ దాకా తీసుకెళ్ళారు. కొత్త చెప్పులు తడవకుండా పాలిథిన్ సంచిలో పెట్టి తన రెయిన్‌కోటు లోపల దాచారు. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఫ్లైఓవర్ కింద నిలబడ్డారు. ఆమె ఉద్యోగం వచ్చిందని చెప్పగానే, "నాకు తెలుసు" అని ఊరుకున్నారు. ఆ మనిషిని ఇప్పుడు తను ఈ గట్టు మీద నిలబెట్టి ప్రశ్నలడుగుతోంది.

"మీ దగ్గర్నుంచి ఏదీ లాక్కోవడానికి రాలేదు నేను," అంది నెమ్మదిగా. "నేను వెళ్ళి చెబితే అది మీ మీద ఫిర్యాదు అవుతుంది. మీరే చెబితే అది మీ మాట అవుతుంది. మీ మాటే వినబడాలని నా ఆశ. రేపు పొద్దుటి దాకా నేను నోరు విప్పను. దానికి నాకు ఏ శిక్ష పడినా సరే."

యజ్ఞనారాయణ ఆమె ముఖంలోకి చూశారు. కోపం ఎలా వచ్చిందో అలాగే దిగిపోయింది. జేబులోంచి రుమాలు తీసి ఇచ్చారు.

"ఏడవకు. గట్టు మీద వాళ్ళంతా నేను కోడల్ని తిట్టే మావగారిననుకుంటారు."

"తిట్టారుగా."

"తిట్టాననుకో."

ఇద్దరూ మళ్ళీ నడిచారు. దారి మలుపు తిరిగే చోట అడ్డంగా నీలం రేకులు కట్టి ఉన్నాయి. నడక దారి రిపేరు చేస్తున్నామని బోర్డు. ఆయన అక్కడ ఆగి, అలవాటుగా వెనక్కి తిరగబోయి, మళ్ళీ ఆగారు.

"ఇక్కడే," అన్నారు.

"ఏమిటి మావయ్యగారూ?"

"ఆ మాట. నేను వాటిని బట్టీ పట్టింది ఈ గట్టు మీదే. ఒక్కో మాటనీ ఒక్కో చోట పెట్టుకున్నాను. ఒకటి గేటు దగ్గర. ఒకటి ఆ వ్యాయామం చేసే కడ్డీల దగ్గర. రోజూ తిరుగుతుంటే అవే వరసగా వచ్చేవి. దసరా ముందు ఈ రేకులు కట్టేశారు. అప్పట్నుంచి ఇక్కడికొచ్చి వెనక్కి తిరుగుతున్నాను. ఒక్కోసారి అటు నిజాంపేట వైపు..." ఆయన నుదురు రుద్దుకున్నారు. "ఆ మాట ఈ రేకుల వెనకాలుంది అమ్మాయ్."

ఉమాశ్రీ రేకుల వైపు చూసింది. ఒక చివర రెండు రేకుల మధ్య మనిషి పట్టేంత సందు ఉంది. ఆదివారం కనుక పనివాళ్ళు లేరు. చున్నీ నడుముకు చుట్టుకుని, రేకును పక్కకి లాగి పట్టుకుంది.

"ఇది తప్పు కదూ?" అన్నారాయన.

"తప్పే. తల వంచి రండి, గీసుకుంటుంది."

అవతల ఇసుక కుప్పలు, పగలగొట్టిన సిమెంటు పలకలు. కానుగ చెట్టు కింద ఉండే పాత సిమెంటు బెంచీని పెకలించి పక్కకు పడేశారు. యజ్ఞనారాయణ దాని ముందు నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. పెదవులు కదలడం లేదు.

"రావడం లేదమ్మా."

"తొందరేం లేదు. మీరిక్కడికొచ్చి రోజూ ఏం చేసేవారు?"

"కూర్చునేవాణ్ణి. బూటు లేసు కట్టుకునేవాణ్ణి."

"అయితే కూర్చోండి."

ఆయన్ను చెయ్యి పట్టుకుని ఇసుక కుప్ప అంచున కూర్చోబెట్టింది. చెరువు ఆ వైపు నుంచి విశాలంగా కనిపిస్తోంది. అవతలి ఒడ్డున అపార్టుమెంట్ల అద్దాల మీద ఎండ పడుతోంది. ఆయన వంగి, ముడి ఉన్న లేసునే విప్పి, మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు. తర్వాత కళ్ళు మూసుకుని మొదటి నుంచీ గొణగసాగారు. ఉమాశ్రీ గబుక్కున అటు తిరిగి, రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుంది. ఆమె ఆ మాటలు వినకూడదు. ఆ పెదవుల కదలిక కూడా చూడకూడదు. చెవులు మూసుకుంటే తన గుండె చప్పుడే పెద్దగా వినిపించింది. కొంగ ఒకటి నీళ్ళ మీంచి లేచి, చప్పుడు లేకుండా ఎగిరిపోయింది.

భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే మావయ్యగారి కళ్ళనిండా నీళ్ళు. ముఖమంతా నవ్వు.

"వచ్చింది ఉమా! వచ్చేసింది! ఇంత చిన్న మాట, చంటిపిల్లలకు కూడా తెలిసిన మాట, అదేంటో తెలుసా..."

ఉమాశ్రీ చటుక్కున ఆయన నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"మావయ్యగారూ! నాకు చెప్పకూడదు!"

ఆయన కళ్ళు పెద్దవి చేశారు. మామగారి నోరు మూసిన కోడలు తను చేసిన పనికి తనే బిత్తరపోయి చెయ్యి తీసేసింది. ఆ తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆ ఇసుకలో, ఆ పగిలిన రాళ్ళ మధ్య, ఆయన పక్కన కూలబడి ఉమాశ్రీ చిన్నపిల్లలా నవ్వింది.

నవ్వు సద్దుమణిగాక ఆమె మనసు మరోవైపు లాగింది. దొరికింది కదా. రేపు చక్కగా ఇచ్చేస్తారు. కొత్త వంతు తీసుకోవడం మానేస్తే చాలు, వయసైందని చెబితే చాలు. ఈ మనిషి అందరి ముందూ తలవంచుకోవడం ఎందుకు?

"మావయ్యగారూ," అంది, "ఇక రంగనాథ్ సార్‌కి ఏమీ చెప్పకపోయినా..."

"లేదమ్మా," అన్నారాయన, ఆమెను పూర్తిచెయ్యనివ్వకుండా. గొంతు ప్రశాంతంగా ఉంది. "ఇవాళ మాట దొరికింది. రేపు ఈ గట్టే మర్చిపోతానేమో. ఆ ఆసుపత్రులు మూగబోయిన వారం గుర్తుందా? ఇంతమంది బతుకులు నా నోటి మీద ఆధారపడి ఉన్నాయి. నా పరువు దాచుకుని వాళ్ళను పణం పెట్టనా? రేపు నేనే చెబుతాను. నువ్వు పక్కన ఉండు, చాలు."

ఇంటికొచ్చాక ఆ రోజంతా ఉమాశ్రీ ఇల్లు కదల్లేదు. ఆయన గదిలో తలుపు వేసుకుని మాటలు వల్లెవేసుకుంటే, ఆమె బయట చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటూ కాపలా కూర్చుంది. మధ్యాహ్నం అత్తగారితో సహా ముగ్గురూ కలిసి చిక్కుడుకాయలు ఒలిచారు. శ్యామ్‌కి వీడియో కాల్ చేసి ఆయనే చెప్పారు. "నాకు మతిమరుపు మొదలైందిరా. గాభరా పడకు. మీ అమ్మ పేరు ఇవాళ గుర్తుంది," అన్నారు. రాజరాజేశ్వరి పక్కనుంచి, "ఏదీ, చెప్పండి చూద్దాం," అంది. "రాజ్యం," అన్నారాయన, ప్రతి అక్షరాన్నీ చప్పరించినట్టు. సాయంత్రం కాఫీలయ్యాక ముగ్గురూ హాల్లోనే కూర్చుని, టీవీలో ఏదో పాత సినిమా చూస్తూ, మధ్యమధ్య నిద్రపోయారు.

సోమవారం మాదాపూర్ ఆఫీసులో లిఫ్టు దిగేసరికి సెక్యూరిటీ విభాగం అధిపతి రంగనాథ్ ఎదురొచ్చాడు. నంద్యాల మనిషి. భారీ విగ్రహం, మెత్తటి మాట.

"రండి సార్, రండి. మిగతా ముగ్గురూ వచ్చి ఇచ్చిపోయినారు. మీ ఒక్కరిదే. కాఫీ తాగి పోదామా?"

"ముందు నీకొక మాట చెప్పాలి రంగనాథ్," అన్నారు యజ్ఞనారాయణ. ఉమాశ్రీ ఆయన పక్కన నిలబడింది. ఆయన నిటారుగా, రిపోర్టు చదువుతున్నట్టు చెప్పారు. మర్చిపోతున్న సంగతి, దారి తప్పిన సంగతి, జారిపోయి దొరికిన మాట సంగతి. "ఇవాళ్టికి నా వంతు నా దగ్గర పూర్తిగా ఉంది. దాన్ని అప్పజెప్పి సెలవు తీసుకుంటాను. కొత్తది నాకివ్వకండి. మా కోడలికి ఈ సంగతి శనివారం తెలిసింది. నేనే చెప్పాలని ఆగింది. తప్పు రాయాలంటే నా పేరు మీద రాయి."



"మా నాయన ఆఖరి రెండేండ్లు నన్ను గుర్తుపట్టలేదు సార్," అన్నాడు రంగనాథ్. "ఇంట్లో ఎవరమూ ఆ మాట పైకి అనలేకపోతిమి. ఆయనా అనలేదు. మీరు ఇంత దూరం వచ్చి చెప్పినారు. ఇందులో తప్పు రాయడానికి నాకేం కనపడలేదు." వంగి ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "పోదాం రండి సార్."

ఆ గది తలుపు దగ్గర యజ్ఞనారాయణ బూట్లు విప్పారు. అవసరం లేదని ఎవరూ అనలేదు. తలుపు మూసుకుంది. నియమం ప్రకారం లోపల ఆయన ఒక్కరే. రంగనాథ్ పక్క గదిలో, ఫలితం మాత్రం కనిపించే స్క్రీన్ ముందు కూర్చున్నాడు. ఉమాశ్రీ వరండాలో నిలబడింది. అద్దం అవతల ఫ్లైఓవర్ మీద బండ్లు చీమల్లా పాకుతున్నాయి. తను చిన్నప్పుడెప్పుడో పరీక్ష రాస్తుంటే గేటు బయట నిలబడిన వాళ్ళ బాధ ఇలాగే ఉండేదేమో అనుకుంది.

తలుపు తెరుచుకుంది. మావయ్యగారు బయటికొచ్చారు. బొటనవేలు పైకెత్తి చూపించారు, కుర్రాడిలా. ఉమాశ్రీ వంగి ఆయన పాదాల దగ్గర బూట్లు పెట్టింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారు.

"అయిపోయిందమ్మా. తేలిగ్గా ఉంది. ఇంటికెళ్తూ మీ అత్తయ్యకి పూలు కొందాం."

అప్పుడు రంగనాథ్ గదిలోంచి పిలిచాడు.

"సార్ని తీసుకుని ఒక్క నిమిషం లోపలికి రామ్మా."

అతని గొంతులో ఇందాకటి మెత్తదనం ఉంది, కానీ దాని వెనక ఏదో కంగారు కూడా ఉంది. స్క్రీన్ మీద పచ్చటి గుర్తు వెలుగుతోంది. వంతు సరిపోయింది. దాని కింద సన్నటి అక్షరాలతో ఒక వరస ఉంది. బ్యాంకు యాప్ తెరిస్తే చివరిసారి ఎప్పుడు తెరిచారో చూపిస్తుంది కదా, అలాంటిది.

"సార్ మాటలు అన్నీ కరెక్టే," అన్నాడు రంగనాథ్. "కానీ ఇవే మాటలు నిన్న సాయంత్రం కూడా ఒకసారి కొట్టినట్టు చూపిస్తాంది. ఇక్కడ కాదు. శంకర్‌పల్లి అవతల మన ఉపగ్రహాల గ్రౌండ్ స్టేషన్లో. అప్పుడూ కరెక్టే. ఒక వంతు దొరికినోడు మిగతావి వదిలిపెడతాడా సార్?"



యజ్ఞనారాయణ ఆ వరస చదివారు. మళ్ళీ చదివారు. రంగనాథ్ వైపు చూడలేదు. కోడలి వైపు తిరిగారు. ఆయన ముఖంలో నిజాంపేట మెట్ల మీది ఆ బెదురు కూడా లేదు, దానికంటే లోతైనదేదో ఉంది.

"ఉమా," అన్నారు చాలా మెల్లగా. "నిన్న నేనక్కడికి వెళ్ళానా అమ్మా?"

ఉమాశ్రీ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లేదు మావయ్యగారూ. నిన్నంతా మీరు నా పక్కనే ఉన్నారు. పొద్దుట్నుంచి రాత్రి దాకా."

"నిజంగా?"

"నిజంగా."

ఆయన పెద్దగా ఊపిరి వదిలారు. ముఖంలోకి ప్రాణం వచ్చింది. కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

రంగనాథ్ మాత్రం కూర్చోలేదు. "అయితే సార్ మాటలు ఇంకెవరికో తెలిసినాయి," అంటూ వెళ్ళి, గది తలుపుకు లోపల్నుంచి గడియ పెట్టాడు.